ఎర్రదీపం వెలుగుతుండగా

మార్చి 4, సోమవారం

నా చేతిరాత బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి. మన్నించాలి. ఎవరిని మన్నించమంటున్నానో నాకే తెలియదు, ఇది చదివేవాళ్ళెవరూ లేరు. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. పంతులుగారు నా పలక చూసి, దీని మీద కోడి నడిచిందా అని అడిగేవారు.

ఈ నోటుబుక్కు కోడలు ఇచ్చింది. "మావయ్యా, నోటితో ఎలాగూ చెప్పరు. ఇందులోనైనా రాసుకోండి. అన్నీ లోపల దాచుకుంటే బీపీ తగ్గదు" అంది. ఏం రాయాలో తెలియక నెల రోజులు బీరువాలో పెట్టాను. ఈ రోజు రాయాల్సింది వచ్చింది.

చిన్న ఓనరు మమ్మల్నిద్దరినీ పైకి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఆ గదిలో మేము కూర్చోవడం ఇదే మొదటిసారి. అప్పుడే అనుకున్నాను, మంచి కబురు కాదని.

"మాస్టారూ, ఇకమీద చప్పుళ్ళన్నీ కంప్యూటర్లోంచే తీసుకుంటాం. లక్ష చప్పుళ్ళున్నాయి అందులో. చెయ్యి పెట్టాల్సిన చోట ఒక మనిషి ఉంటే చాలు. మీలో ఎవరిని ఉంచాలో నేను చెప్పలేను. ఇద్దరూ నన్ను ఎత్తుకుని తిప్పినవాళ్ళు. అందుకని మీరే తేల్చుకోండి. వచ్చే ఎపిసోడ్ ఇద్దరూ విడివిడిగా చెయ్యండి. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు. ఎవరిది బాగుంటే వాళ్ళు ఉంటారు."

"అడుగులూ దెబ్బలూ రెండూ ఒక్కడేనా?" అన్నాడు డప్పు.

"రెండూ."

ముప్పై ఒక్క ఏళ్ళుగా అడుగులు నావి, దెబ్బలు వాడివి. కార్టూన్ బొమ్మ మా దగ్గరికి మూగగా వస్తుంది. తెర మీద వాళ్ళు నడిస్తే కింద నేను నడుస్తాను. వాళ్ళు కొట్టుకుంటే, పగిలితే, కూలితే డప్పు చూసుకుంటాడు. వాడి అసలు పేరు ఇక్కడ ఎవరికీ గుర్తులేదు. నన్ను వాడు పిల్లి అంటాడు.

మెట్లు దిగుతూ వీపు మీద ఒక్కటి చరిచాడు. "ఏరా పిల్లీ, పందెమా? నేను గెలిస్తే నీ నోరు నాకిచ్చెయ్. ఎలాగూ నువ్వు వాడవు కదా."

"నేను గెలిస్తే?" అన్నాను.

"నువ్వు గెలిచేదేమిట్రా" అని నవ్వాడు. మెట్లు అయిపోయేదాకా నవ్వుతూనే ఉన్నాడు. కింద మెట్టు దగ్గర ఆపేశాడు.

మార్చి 5, మంగళవారం

బొమ్మ చూపించారు. ఇరవై రెండు నిమిషాలు.

ఇద్దరు ఆడపిల్లలు. తూనీగ ఎగురుతుంది. గునపం కొండనైనా తవ్వుతుంది. ఒకే గదిలో ఉంటారు, ఒకే కంచంలో తింటారు. ఊరిని కాపాడటం వాళ్ళ పని. ఊరివాళ్ళు సరదాకి నాలుగు రోడ్ల కూడలిలో ఒక బోర్డు పెడతారు, ఎవరు ఎంతమందిని కాపాడారో రాయడానికి. అక్కడినుంచి మొదలు. మంట అంటుకుంటే తూనీగ గునపానికి చెప్పదు. వరద వస్తే గునపం తూనీగని లేపదు. చివరికి వంతెన మీద బస్సు ఇరుక్కుంటుంది. ఇద్దరూ దాన్నే పట్టుకుంటారు, ఒకతె ఇటు, ఇంకొకతె అటు. నాది అంటే నాది. ఆ లాగుడికి వంతెన తెగిపోతుంది. గునపం పడిపోతుంది. తూనీగ గుండెల నిండా గాలి పీల్చుకుని కిందికి దూకి చెయ్యి పట్టుకుంటుంది. తర్వాత ఇద్దరూ వెళ్ళి బోర్డు చెరిపేస్తారు.

పిల్లలకి బాగుంటుంది.

చిన్న ఓనరు కావాలని ఈ ఎపిసోడే ఇచ్చాడో, వరసలో ఇదే వచ్చిందో తెలియదు. డప్పు చీకట్లో నా చెవి దగ్గరికి వచ్చి, "మనల్ని చూసే రాశార్రా వెధవలు. నువ్వు తూనీగ, నేను గునపం" అన్నాడు. రహస్యం చెప్పినా వాడి గొంతు గదంతా వినిపిస్తుంది. ముందు వరసలో మా చప్పుళ్ళు రికార్డు చేసే ఇంజనీరమ్మ నవ్వింది.

మార్చి 6, బుధవారం

పొద్దున నా వంతు. అడుగులు ఒక్క టేకులో అయిపోయాయి. తూనీగ వాలడానికి పాత తోలు చేతితొడుగు మీద రెండు వేళ్ళు వేశాను. గునపానికి ఇసుక నింపిన బూట్లు. ఇంజనీరమ్మ అద్దం వెనకనుంచి బొటనవేలు చూపించింది.

దెబ్బలు రాలేదు. క్యాబేజీ విరిస్తే ఎముక విరిగినట్టు ఉండాలి. నేను విరిస్తే కూర తరుగుతున్నట్టే ఉంది. "ఇంకోసారి తాతగారూ" అని ఆరుసార్లు అంది పాపం. నాకు కొట్టడం చేతకాదు. ఎవరినీ ఎప్పుడూ కొట్టలేదు.

మధ్యాహ్నం డప్పు వంతు. బయట బల్ల మీద కూర్చుని టీ తాగాను. తలుపు సందులోంచి వాడి అడుగులు వినిపించాయి. బస్తా ఈడ్చినట్టున్నాయి. తూనీగ వాలుతుంటే గేదె దిగినట్టుంది.

సంతోషం వేసింది. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాశాను.

మార్చి 7, గురువారం

ఒక సంగతి రాయాలి. డప్పుకి సన్నటి చప్పుళ్ళు వినిపించవు. నాలుగేళ్ళయింది. దోమ, ఈల, గిన్నె మీద గరిటె గీరుడు, ఇవేవీ వాడి చెవిదాకా పోవు. లావు చప్పుళ్ళన్నీ బాగా వింటాడు. ఈ సంగతి నాకొక్కడికే తెలుసు. వాడి పెళ్ళాం, మా వదినకి కూడా చెప్పలేదు. ఆ రోజు టీ కొట్టు దగ్గర నా చొక్కా పట్టుకుని, "ఎవరికైనా చెప్పావో, చంపుతా" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

అప్పటినుంచి బొమ్మలో సన్నటిది ఏదైనా వచ్చే ముందు వాడి భుజం మీద రెండు వేళ్ళతో తడతాను. వాడు అందుకుంటాడు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు వాడి భుజం మీద ఎవరూ తట్టరు.

మార్చి 8, శుక్రవారం

డప్పు వంతెన కోసం ఇనప తలుపు తెచ్చాడు. ఎక్కడో కూల్చేసిన గోడౌనుదట. నలుగురు మోసుకొచ్చారు. ఒకప్పుడు పంకా వేలాడిన కొక్కేనికి గొలుసుతో కట్టి వేలాడదీశాడు. పంకా చప్పుడు చేస్తోందని పెద్ద ఓనరుగారే దాన్ని పీకించారు. కొక్కెం ఉండిపోయింది.

వాడు ఆ తలుపుని భుజంతో ఊపితే అది మూలిగింది.  వంతెన ప్రాణంతో ఉండి, చచ్చిపోతున్నానని తనకే తెలిసినట్టు ఉంది ఆ మూలుగు.

నా వంతెన రెండు రేకు డబ్బాలు.

"ఎలా ఉందిరా పిల్లీ?" అన్నాడు.

"బాగుంది."

"బాగుందా? బాగుందంటాడేమిట్రా! ఇంటికెళ్ళి ఏడుస్తావు చూడు."

ఏడవలేదు. అన్నం మాత్రం సహించలేదు.

మార్చి 11, సోమవారం

డప్పు ఆ తలుపుకి ఇంకో ఇనప కడ్డీ కట్టాడు. బరువు పెరిగితే మూలుగు లావెక్కుతుందట.

తలుపు ఊగుతుంటే పైన కొక్కెం దగ్గర సన్నగా కీచుమంటోంది. ఎలుక పిల్ల అరిచినట్టు. డప్పు అదేమీ ఎరగకుండా ఊపుతూనే ఉన్నాడు.

ఆ కీచు టేపులో పడితే టేకు పనికిరాదు. అదే అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

రేపు చెబుతాను.

మార్చి 12, మంగళవారం

చెప్పలేదు. పొద్దున వాడు కనబడగానే, "నీ రేకు డబ్బాలు ఇంట్లో పిల్లలు ఆడుకోవడానికి పనికొస్తాయిరా" అన్నాడు. బయట బల్ల దగ్గర అందరూ నవ్వారు.

సరదాకే అన్నాడు. వాడు ఎప్పుడూ అలాగే అంటాడు.

మార్చి 13, బుధవారం

మధ్యాహ్నం ఇంజనీరమ్మ తలుపు తీసి బయటికి వచ్చింది. హెడ్‌ఫోన్లు మెడలో ఉన్నాయి.

"తాతగారూ, ఒక్క నిమిషం లోపలికి రండి. వంతెన టేకులో ఏదో సన్నగా కీచుమంటోంది. ఏసీదో, నా వైరుదో తెలియడం లేదు. మీ చెవులు మంచివి కదా. వినండి."

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. మూలుగు. మూలుగు వెనకాల కీచు. సోమవారం కన్నా పొడుగైంది. ముందు ఎలుక పిల్ల. ఇప్పుడు పెద్ద ఎలుక.

అద్దం అవతల డప్పు నడుం మీద చేతులు పెట్టుకుని నా ముఖమే చూస్తున్నాడు. ఏమిటన్నట్టు గడ్డం ఎగరేశాడు.

"నాకేమీ వినబడలేదమ్మా" అన్నాను.

"లేదా? అయితే నా వైరే" అంది.

మాట ఇచ్చాను కదా. కొక్కెం కీచుమంటోందంటే, మరి ఆయనకి వినబడటం లేదా అని ఆమె అడుగుతుంది. చిన్న ఓనరుకి తెలుస్తుంది. వాడి పరువు పోతుంది. అందుకే చెప్పలేదు. మాట కోసమే చెప్పలేదు.

మార్చి 14, గురువారం

మాట కోసమే.

మార్చి 15, శుక్రవారం

కోడలు అడిగింది, "మావయ్యా, నిద్రలో పళ్ళు కొరుకుతున్నారేమిటి?" అని. నేను కాదన్నాను. "మీరే. ఎలుక గీరినట్టు కీచుకీచుమని" అంది.

మార్చి 16, శనివారం

డప్పు ఇంకో గొలుసు కట్టాడు. దాని చివర ఇసుక బస్తా.

నా వంతు ముందు గది తుడుస్తుంటే నేల మీద తెల్లటి పొడి కనబడింది. కొక్కెం సరిగ్గా పైన ఉంది. సున్నం. పాత గది. సున్నం రాలుతుంది. చీపురుతో ఊడ్చేశాను.

నా దెబ్బలు కొంచెం బాగుపడ్డాయి. చాప చుట్టి కర్రతో కొడుతున్నాను. కొట్టేటప్పుడు ఎవరి ముఖం తలుచుకుంటున్నానో రాయను.

మార్చి 18, సోమవారం

చిన్న ఓనరు ఇద్దరివీ విన్నాడు. అడుగులు నావే బాగున్నాయట. దెబ్బలు డప్పువేనట. "వంతెనలో తేలుతుంది మాస్టారూ. రేపు ఇద్దరూ ఆఖరి టేకు ఇచ్చెయ్యండి."

సాయంత్రం బస్సు దాకా ఇద్దరం కలిసే నడిచాం. పందెం మొదలయ్యాక ఇలా నడవడం ఇదే మొదటిసారి. డప్పు మాట్లాడలేదు. వాడు మాట్లాడకపోతే వీధంతా ఖాళీగా ఉంది.

బస్సు వచ్చే ముందు అన్నాడు. "ఒరేయ్, రేపు మధ్యాహ్నం లోపలికి రా."

"ఎందుకు?"

"ఊరికే నిలబడు. నువ్వు పక్కన లేకపోతే చెయ్యి ఆడటం లేదురా. దేన్నీ ముట్టుకోకు, తట్టకు. ఊరికే ఉండు."

"ఓనరు ఒప్పుకోడు."

"ఇంజనీరమ్మని అడిగాను. నీ అడుగుల కోసం మూలన పోసిన కంకర మీద నిలబడమంది. ఏరా, భయమా? నా వంతెన చూసి గుండె ఆగుతుందనా?"

వస్తానన్నాను. నన్ను లోపలికి పిలిచేటంత మంచితనం వాడికుంది. రేపు పొద్దున్నే కొక్కెం సంగతి చెప్పేస్తాను. తప్పకుండా చెబుతాను.

మార్చి 19, మంగళవారం

రాయలేను.

మార్చి 20, బుధవారం

డప్పు చెయ్యి తీసేశారు. కుడి చెయ్యి, మణికట్టు పైదాకా.

మార్చి 21, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం మూడు గంటలకి లోపలికి వెళ్ళాను. పొద్దున చెబుదామనుకున్నాను, వాడు ఆలస్యంగా వచ్చాడు. వచ్చీ రాగానే ఇంజనీరమ్మ రికార్డింగు దీపం వేసింది. ఎర్రదీపం వెలిగితే నోరెత్తకూడదు. పెద్ద ఓనరుగారి కాలంనుంచీ అదే చట్టం. ఇల్లు తగలబడుతున్నా దీపం ఆరాకే చెప్పండి అనేవారు. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఒక్కసారి కూడా దగ్గలేదు.

తెర మీద వంతెన వచ్చింది. డప్పు తలుపుని భుజంతో ఊపాడు. మూలిగింది. ఇంకా ఊపాడు. కుడి చెయ్యి కింద అంచున పెట్టి పైకెత్తి వదిలాడు. మళ్ళీ ఎత్తాడు. రెప్పపాటులో అంతా ఊడి పడింది. ఎవరైనా ఏం చెయ్యగలరు.

డప్పు అరవలేదు. అది రాయాలి. చెయ్యి తలుపు కింద ఉంది. ముఖం తెల్లబడిపోయింది. నోరు తెరిచి నావైపు చూశాడు, తర్వాత దీపంవైపు చూశాడు. పళ్ళు బిగపట్టాడు. తెర మీద వంతెన ఇంకా కూలుతోంది, ధూళి లేస్తోంది. ధూళి అణిగి దీపం ఆరేదాకా ఊపిరి కూడా వదల్లేదు. దీపం ఆరాక అరిచాడు.

నేను తలుపు ఎత్తాను. ఎలా ఎత్తానో తెలియదు. నలుగురు మోసుకొచ్చిన తలుపు.

మార్చి 22, శుక్రవారం

ఆసుపత్రికి వెళ్ళాను. వదిన వసారాలో నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు ఉండబట్టి సరిపోయింది నాయనా. ఒక్కడివే ఎత్తావటగా. లేకపోతే మనిషే దక్కేవాడు కాదట" అంది. చేతులు లాక్కుందామనుకున్నాను. ఆమె వదల్లేదు.

లోపల డప్పు పడుకుని ఉన్నాడు. ఆ పెద్ద మోతకి చెవులు ఇంకా దిబ్బడేసి ఉన్నాయి. మందు మత్తు. నన్ను చూడగానే అడిగాడు.

"టేకు వచ్చిందా?"

తల ఊపాను.

"ఓనరు విన్నాడా?"

ఊపాను.

"గెలిచానా?"

ఊపాను. నవ్వాడు. పెదాలు పగిలి ఉన్నాయి. "చూశావా! చెప్పానా లేదా? నీ రేకు డబ్బాలు తీసుకెళ్ళి..." అంటూనే నిద్రలోకి జారిపోయాడు.

మార్చి 23, శనివారం

చిన్న ఓనరు పైకి పిలిచాడు. కూర్చున్నాను.

"గెలిచింది ఆయన, ఉండేది మీరు. ఏం చేస్తాం మాస్టారూ, ఆయన చెయ్యి అలా అయింది. ఆ వంతెన చప్పుడు మాత్రం, నిజం చెబుతున్నా, నేనెక్కడా వినలేదు. అదే వాడదాం. ఆయనకీ తృప్తిగా ఉంటుంది."

"సరే" అన్నాను.

సరే అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో.

మార్చి 25, సోమవారం

ఆ రోజు రాసింది మళ్ళీ చదివాను. రెప్పపాటులో అని రాశాను.

రెప్పపాటు కాదు.

కొక్కెం విచ్చుకోవడం చూశాను. మూసిన పిడికిలి తెరుచుకున్నట్టు, నెమ్మదిగా. ముందు సున్నం రాలింది. కీచు ఆగిపోయింది. కీచు ఆగిపోవడమే నన్ను భయపెట్టింది. తర్వాత గొలుసు ఒక అంగుళం కిందికి జారింది. అప్పుడు వాడి చెయ్యి ఇంకా అంచు కింద లేదు.

దీపం వెలుగుతోంది. అలవాటు. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు. ఎవరికైనా నోరు పడిపోతుంది.

అలవాటే.

మార్చి 26, మంగళవారం

ఇంజనీరమ్మ వంతెన టేకు శుభ్రం చెయ్యడానికి నన్ను కూర్చోబెట్టింది. ఇప్పుడు ఆ పని కూడా నాదే.

"ఇక్కడ వినండి తాతగారూ" అంది.

మూలుగు. కీచు. కీచు ఆగింది. అప్పుడు కంకర దగ్గరి మైకులో ఒక చప్పుడు. హ్ఁ అని. ఎవరో గుండెల నిండా గాలి పీల్చుకున్నట్టు.

నేనే. అరవడానికి పీల్చుకున్నాను.

దాని తర్వాత ఏమీ లేదు. మూలుగు మాత్రమే. తర్వాత ఆ మోత.

"ఇంకోసారి వెయ్యమ్మా" అన్నాను. ఇంకోసారి వేసింది. ఈసారి అడుగులతో కొలిచాను. నాకు గడియారం అక్కరలేదు. బొమ్మ ఎంత జోరుగా నడిచినా నా అడుగు లెక్క తప్పదు. ఊపిరికీ మోతకీ మధ్య నాలుగు అడుగులు. పరుగెత్తే అడుగులు కావు, నడిచే అడుగులు.

కంకరనుంచి డప్పు నిలబడిన చోటికి మూడు.

"భలే పడింది కదూ!" అంది ఇంజనీరమ్మ. "గునపం పడిపోగానే తూనీగ గాలి పీల్చుకుని దూకుతుంది చూడండి, అచ్చం అలాగే ఉంది. దీన్ని నాలుగు సెకన్లు తర్వాతకి జరిపి సరిగ్గా అక్కడ పెడితే మళ్ళీ చెయ్యక్కర్లేదు. మీరే చేశారా?"

"నేనే."

"ఉంచేద్దామా?"

ఏమీ అనలేదు. ఆమె ఉంచేసింది.

మార్చి 27, బుధవారం

ఒరేయ్.

ఇన్నాళ్ళూ ఇది నాకోసమే రాసుకున్నాను. ఈ రోజునుంచి నీకు. నీ చెవులు ఇంకా సరిగా లేవు, నా నోరు ఎప్పుడూ సరిగా లేదు. అందుకని రాసే ఇస్తున్నాను. మొదటినుంచి చదువు. పదమూడో తారీకు రెండుసార్లు చదువు.

ఈ రోజు వచ్చినప్పుడు నీ పక్కన కూర్చున్నాను. నర్సుతో నువ్వు అంటున్నావు, "వీడేనండీ, నన్ను బతికించినవాడు. చూడ్డానికి ఎండిపోయిన పుల్లలా ఉంటాడు గానీ తలుపు ఒక్కడే ఎత్తాడు" అని. ఆమె నా కాళ్ళకి దణ్ణం పెట్టేటట్టు చూసింది. నేను తల దించుకున్నాను. సిగ్గరి మనిషి అంది. నువ్వు నవ్వావు.

నేను తలుపు ఎత్తింది పడ్డాక. పడక ముందు ఏమీ ఎత్తలేదు, గొంతు కూడా.

మాట కోసం చెప్పలేదని రాశాను కదా, అది నమ్మకు. నీ చెవుల సంగతి బయటపెట్టకుండానే కొక్కెం మార్చమనొచ్చు. ఇంజనీరమ్మతో అమ్మా కొక్కెం చూడండి అంటే చాలు. అరగంట పని. ఆ కీచు నీ టేకు పాడుచేస్తుందని ఊరుకున్నాను. నీ వంతెన పాడైతే నా రేకు డబ్బాలు గెలుస్తాయని. అది ఊడి పడుతుందని, మనిషి మీద పడుతుందని నాకు తట్టలేదు. ఇంతకాలం చప్పుళ్ళు చేశాం కదరా, చప్పుడు వింటే అది టేపులో ఎలా పడుతుందా అని తప్ప ఇంకేమీ తట్టని బుద్ధి అయిపోయింది నాది. అది మొదటి రోజు మాట. సున్నం ఊడ్చిన రోజు నాకు తెలుసు. తెలిసే ఊడ్చాను.

ఆ రోజు దీపం ఆపలేదు నన్ను. దీపం చూసి ఆగింది నువ్వు, చెయ్యి నలుగుతున్నా. నేను గాలి పీల్చుకుని, ఈ టేకు అయిపోనీ, నేను అరిచి పాడుచేస్తే వీడు మళ్ళీ చేస్తాడు, మళ్ళీ ఇంకా బాగా చేస్తాడు అనుకున్నాను. నాలుగు అడుగులసేపు అదే అనుకున్నాను. ఇంత పొడుగు మాట నేను ఎప్పుడూ అనుకోలేదు.

వదినకి చెప్పలేదు. చెప్పాలంటే నువ్వు చెప్పు, చెప్పొద్దంటే చెప్పొద్దు. ఓనరుకి మాత్రం రేపు నేనే చెబుతాను. ఇంకొకటి ఉంది, అది నువ్వే తేల్చాలి. ఎల్లుండి శుక్రవారం చప్పుళ్ళన్నీ కలిపేస్తారు. ఆ తర్వాత తీయడం కుదరదు. నా ఊపిరి ఆ టేపులో ఉంది. తూనీగ స్నేహితురాలి కోసం దూకబోయే ముందు పీల్చే గాలి అనుకుని ఊళ్ళో పిల్లలంతా వింటారు. కోసెయ్యనా? కోసేస్తే నీ వంతెన శుభ్రంగా మిగులుతుంది, నేనక్కడ లేనట్టే ఉంటుంది. ఉంచనా? ఉంచితే నేను అక్కడ ఉన్నానని ఎప్పటికీ వినిపిస్తూ ఉంటుంది, ఎవరికీ తెలియకపోయినా మనిద్దరికీ. ఏది నీకు మేలో, ఏది నాకు శిక్షో నేను తేల్చలేకపోతున్నాను. చప్పుడు నీది. నువ్వు ఏదంటే అది.

ఈ పుస్తకం కాగితంలో చుట్టి నీ తలగడ కింద పెట్టి వెళ్తున్నాను. నువ్వు నిద్రలో ఉన్నావు. లేపలేదు. బల్ల మీద పెన్సిలు పెట్టాను, ఎడమ వైపు. చివర ఇంకా నాలుగు కాగితాలు ఖాళీగా ఉన్నాయి. తిట్టాలనిపిస్తే తిట్లే రాయి, నీకు వచ్చినన్ని. నా ముఖం చూడనంటే అదైనా రాయి. శుక్రవారం పొద్దునకల్లా రాయి. తొందరగా జవాబు రాయరా.